రిస్తీ వదిన నడక

మనవడు సంజార్ తొలి అడుగుల వేడుకలో వాడి కాళ్ళకు కట్టిన తాడు ఎవరు కోయాలని మేం వియ్యపురాళ్ళం నెల రోజులు పోట్లాడుకున్నాం. కోసినవాళ్ళ నడకా, గుణమూ పిల్లాడికి వస్తాయని మా కజక్కుల నమ్మకం. చివరికి నాయనమ్మ రిస్తీ పంతమే నెగ్గింది. అమ్మమ్మనైన నాకు వేడుకకని బౌర్సాకులు, అదే నూనెలో పొంగే పిండి ఉండలు, వేయించే పని మిగిలింది. ఒళ్ళు మండిపోయింది నాకు.

సరిగ్గా వేడుక రోజు పొద్దున్నే అల్మాటీ పెద్దాసుపత్రిలో ఆమెకు గుండె స్కానింగు పడింది. ఎన్నాళ్ళో ఎదురుచూస్తే దొరికిన రోజు, వదులుకోవడానికి లేదు. మధ్యాహ్నం తిరిగొచ్చి, చుట్టాలంతా చూస్తుండగా గుమ్మం బయటే ఆగిపోయింది. వాళ్ళమ్మనాటి చిన్న కత్తిని గడప మీద పెట్టి వెనక్కి జరిగింది.

"జౌరెష్ వదినా, తాడు నువ్వే కొయ్యి. గుండె ఫొటో కోసమని నాకేదో మందు ఎక్కించారు. రేపటిదాకా నా ఒంట్లోంచి కిరణాలు వస్తాయట. పసిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకోవద్దన్నారు."

"ఒక్క నిమిషం పట్టుకుంటే ఏమీ కాదన్నాడు కదమ్మా డాక్టరు," అన్నాడు ఆమె కొడుకు, అంటే నా అల్లుడు.

"వాణ్ణి ఎత్తుకుని ఒక్క నిమిషంలో దించుతానట్రా నేను? నా సంగతి నాకు తెలీదూ?"

"నెల రోజులు నా ప్రాణం తోడేసి, ఇప్పుడు దానం చేస్తున్నావా?" అన్నాను.

"దానమూ లేదు, ధర్మమూ లేదు. రెండోవాడికి నేనే కోస్తా."

గడప మీది కత్తి తీసుకుని తాడు కోశాను. సంజార్ అటూ ఇటూ చూశాడు. తల్లి చేతులు చాచింది, నేనూ చాచాను. వాడు మమ్మల్నిద్దర్నీ కాదని తిన్నగా గుమ్మం వైపు నడిచాడు. రిస్తీ చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి. వెంటనే వాటిని వెనక్కి కట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"రా నాన్నా, రా," అంటూ వాకిలంతా వెనక్కే నడిచింది. వాడు పడుతూ లేస్తూ ఆమె వెంటే నడిచాడు. చుట్టాలు నవ్వుతూ మిఠాయిలు చల్లుతున్నారు. నాకు నవ్వు రాలేదు. వెనక్కి కట్టుకున్న చేతుల్ని ఆమె విప్పలేదు.

ఆమె వెన్ను ప్రహరీ గోడకు తగిలింది. ఇక వెనక్కి చోటు లేదు. వాడు ఎత్తుకోమని రెండు చేతులూ పైకెత్తాడు.

"పట్టుకో వదినా, పట్టుకో," అంది రిస్తీ, మొహం గోడకు తిప్పేసుకుని.

పరుగున వెళ్ళి ఎత్తుకొచ్చాను. వాడు ఆమె కోసం గుక్కపట్టి ఏడ్చాడు. తాడు కోసినదాన్ని కాబట్టి నన్ను దీవించమన్నారు. నెల రోజులుగా వల్లించుకున్న దీవెనలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"వీడికి నా నడక వద్దు. నాయనమ్మ నడక రావాలి," అన్నాను.

"వెనక్కి నడవమనా?" అంది రిస్తీ గోడ దగ్గర్నుంచే, ముక్కు తుడుచుకుంటూ.

"అవును, అట్లాగే," అన్నాను.