మొయినాబాద్ నాకాలో ముసురు

మొయినాబాద్ ఊరు దాటి చేవెళ్ల రోడ్డెక్కితే అప్పట్లో ఒక పోలీసు నాకా కనిపించేది. పెద్ద కట్టడమేమీ కాదు. రోడ్డుకు అడ్డంగా ఒక వెదురు బొంగు, దాన్ని ఎత్తడానికీ దించడానికీ ఒక తాడు, పక్కన రెండు మంచాలు పట్టేంత రేకుల గుడిసె, అంతే. జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఆ నాకాను చూసుకున్న జవాను పేరు స్వామిదాసు. వికారాబాద్ దిక్కు మనిషి. మిషన్ బడిలో తెలుగు, బయట ఒక మౌల్వీ దగ్గర ఉర్దూ నేర్చుకొని పోలీసులో చేరాడు. నలభై దాటిన వయసు, తక్కువ మాట, కొలత తప్పని పని.

ఎండ కాసే రోజుల్లో అతని కన్నుగప్పి ఒక్క బండి కూడా పోయేది కాదు. ఎద్దుల బండ్లను ఎడమ పక్కకు నడిపించేవాడు. లారీ వస్తే బొంగు దించి, చుట్టూ తిరిగి, సరుకు మీద ఎవరైనా కూర్చొని ఉంటే మారు మాట లేకుండా దించేసేవాడు. లారీల మీద మనుషులను ఎక్కించరాదన్నది సర్కారు కానూను. దిగినవాళ్లు గొణుక్కుంటూ నడిచిపోయేవారు. తిట్లు వినపడినా స్వామిదాసు విననట్టే ఉండేవాడు.

వాన రోజుల్లో మాత్రం లెక్క మారిపోయేది. బండ్ల లెక్క రాసే కాగితం తడిసి, సిరా కారిపోతుంది. నెత్తిన గొంగడి కప్పుకొని లారీ చుట్టూ తిరగబుద్ధి కాదు. అన్నిటికన్నా ముందు, కురిసే వానలో ఆడవాళ్లను, ముసలివాళ్లను కిందికి దించడానికి మనసొప్పదు. అందుకని మబ్బు పట్టగానే బొంగు ఎత్తి కట్టేసి, గుడిసెలో నుంచే పొమ్మని చెయ్యి ఊపేవాడు. ఆ రోడ్డు మీద ఏ నాకాలోనైనా జరిగేది అదే. డ్రైవర్లకు ఈ సంగతి బాగా తెలుసు. పైగా ఆ రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సును బొగ్గు గ్యాసుతో నడిపేవారు. ముసురు పట్టి బొగ్గు తడిసిందంటే ఇక ఆ పూట బస్సు రాదు. బస్సు రాని రోజే లారీ మీద జనం ఎక్కువ. ఆ రోజే నాకాలో అడిగేవాడు ఉండడు.

శ్రావణంలో ఒక రోజు పొద్దున్నుంచీ జల్లు ఆగలేదు. చిన్న మంగళారంలో కూతుర్ని చూసి ఆలూరుకు తిరిగి పోతున్న బీరమ్మ అనే ముసలామె గుడిసె చూరు కింద నిలబడింది.

"బస్సు రాదా బిడ్డా?"

"ఈ వానకు రాదు అవ్వా."

"మరి ఎట్ల పోవాలె?"

స్వామిదాసు జవాబు చెప్పేలోగా చేవెళ్ల షావుకారు ముకుందం లారీ వచ్చింది. నగరం నుంచి ఉప్పు బస్తాలు తెస్తోంది. బస్తాలు తడవకుండా మీద తాడిపత్రి గుడ్డ కప్పి, తాళ్లతో బిగించి ఉంది. దాని మీద అప్పటికే ఏడెనిమిది మంది ఆ తాళ్లు పట్టుకొని కూర్చున్నారు. డ్రైవర్ బాల్‌రాజ్ తల బయటికి పెట్టి, "ఎక్కు అవ్వా" అన్నాడు. ఎవరో పైనుంచి చెయ్యి అందించారు. స్వామిదాసు చూస్తూనే ఉన్నాడు. లారీ కదులుతుంటే అలవాటుగా చెయ్యి ఊపాడు.

మర్నాడు పొద్దున బాల్‌రాజే వచ్చి చెప్పాడు. వాగు దగ్గరి వాలులో బర్రె అడ్డమొస్తే బ్రేకు వేశాడట. తడిసిన తాడిపత్రి మీద నుంచి బీరమ్మ జారి రోడ్డు మీద పడిందట. తుంటి ఎముక విరిగింది. మంచం మీద మోసుకొని దవాఖానకు తీసుకుపోయారు.

"మెల్లగనే పోతున్న అన్నా. చక్రాలు ఆగినయి, లారీ ఆగలే. అందరు తాళ్లు పట్టుకున్నరు. ఆమెకు తాడు అందలే" అన్నాడు బాల్‌రాజ్.

ఆ వారం సెలవు దొరకగానే స్వామిదాసు చేవెళ్ల దవాఖానకు పోయాడు. బీరమ్మ కాలికి బద్దలు కట్టి పడుకోబెట్టారు. యూనిఫారం లేకపోయినా ఆమె గుర్తుపట్టింది. తెచ్చిన జామకాయలు పక్కన పెట్టి అతను నేల మీద కూర్చున్నాడు.

"నాది తప్పయింది అవ్వా."

"నీదేం తప్పు బిడ్డా. ఎక్కింది నేను" అందామె. జామకాయ ఒకటి చేతిలోకి తీసుకొని అడిగింది. "మొన్న ఎండకాలంల నన్ను లారీ మీదికెళ్లి దించినవు, యాదికున్నదా? ఎండల నడిపించినవని మస్తు తిట్టుకున్న. మరి వాన నాడు ఎందుకు దించలే?"

ఆమె నిలదీయలేదు. నిజంగా తెలియకనే అడిగింది. నువ్వు తడుస్తావని అవ్వా, అని చెప్పబోయి ఆగిపోయాడు స్వామిదాసు. ఆ మాట పూర్తి నిజం కాదని అతనికే అనిపించింది. తడవకూడదని అనుకున్నది తనను గురించి కూడా. తిరిగి వచ్చే దారి పొడుగునా అదే ఆలోచన. ఎండ రోజున రోడ్డు గట్టిగా ఉంటుంది, తాళ్లు పొడిగా ఉంటాయి. ఆ రోజు లారీ మీద ఎక్కినవాళ్లు పడే భయం తక్కువ. అయినా దించుతున్నాడు. అంతా జారే రోజున పొమ్మంటున్నాడు. ఇరవై ఏళ్ల నౌకరీలో ఈ సంగతి ఒక్కసారి కూడా తట్టనందుకు అతనికి సిగ్గేసింది.

భాద్రపదంలో మళ్లీ మూడు రోజుల ముసురు పట్టింది. రెండో రోజు మధ్యాహ్నం ముకుందం లారీ వచ్చేసరికి బొంగు కిందికి దించి ఉంది. బాల్‌రాజ్ హారన్ కొట్టాడు. గొంగడి కప్పుకొని స్వామిదాసు గుడిసె బయటికి వచ్చాడు.

"బొంగు ఎత్తు అన్నా. సేటు దుకాణం కాడ ఎదురుచూస్తుండు."

"ఎంతమంది ఉన్నరు?"

"లెక్కపెట్టలే."

స్వామిదాసు లెక్కపెట్టాడు. తాడిపత్రి మీద పద్నాలుగు మంది. ఒకామె చంకలో నెలల పిల్ల, ఇద్దరు ముసలివాళ్లు. ముందు సీటులో ఆలూరులో పెద్ద కమతం ఉన్న ఇంటి కోడలు శకుంతలమ్మ కూర్చుంది. నగరంలో తమ్ముడి పెళ్లి మాటలకు పోయి వస్తుంటే బస్సు సగం దారిలో ఆగిపోయిందట.

"దిగుండ్రి" అన్నాడు స్వామిదాసు.

ఎవరూ కదల్లేదు. పైనుంచి ఒకతను, "ఈ వానల ఎటు పోవాలె జవాను? నీ గుడిసెల పడతమా?" అన్నాడు. అతని మాటలో నిజం ఉంది. పద్నాలుగు మంది ఆ గుడిసెలో పట్టరు. చేవెళ్లదాకా నడిస్తే పసిపిల్ల బతుకుతుందో లేదో. దించితే ఒక పాపం, పంపితే ఇంకొకటి. స్వామిదాసు లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. బస్తాలు లారీ పక్క పలకల కన్నా ఒక వరుస ఎత్తుగా ఉన్నాయి. కూర్చున్నవాళ్లంతా ఆ ఎత్తు మీదే ఉన్నారు.

"బాల్‌రాజ్, పై రెండు వరుసలల్ల ఎన్ని బస్తాలు?"

"పదహారు. ఎందుకన్నా?"

"అవి దించు. నా గుడిసెల పెట్టు. మనుషులు పలకల నడుమ కూర్చుంటరు, పైన తాడిపత్రి కప్పు."

బాల్‌రాజ్ నమ్మలేనట్టు చూశాడు. "సేటు నన్ను కొలువుల ఉంచడు అన్నా. ఉప్పు అది. తడిస్తే నీళ్లయి పోతది."

"నేను కావలి ఉంట. ఎవలన్న అడిగితే జవాను దించిండని చెప్పు."

ఇంకా తటపటాయిస్తుంటే శకుంతలమ్మ తలుపు తెరిచి చూసింది. "చూసుకుంట కూసుంటరేంది? మగోళ్లు తలా ఒక చెయ్యి వెయ్యుండ్రి. పొద్దు గూకేదాక ఈన్నే ఉందామా?" అంది. పెద్దింటి కోడలు మాట కావడంతో అందరూ కదిలారు. తాడిపత్రి కింది నుంచే ఒక్కో బస్తా లాగి, గొంగళ్లు కప్పి, పరుగున గుడిసెలోకి చేర్చారు. చివరి బస్తా పెట్టేసరికి గుడిసెలో కాలు పెట్టే చోటు లేదు.

"వాగు కాడ ఆపి, దిగి చూసిపో. మోకాలు దాటి పారితే దాటకు" అని చెప్పి స్వామిదాసు బొంగు ఎత్తాడు. పలకల నడుమ, తాడిపత్రి నీడలో పద్నాలుగు మంది ఒదిగి కూర్చున్నారు. లారీ నడక వేగంతో వాలు దిగి పోయింది. ఆ సాయంత్రం చేవెళ్ల నుంచి వచ్చిన ఒక బండివాడు, అందరూ క్షేమంగా దిగారని చెప్పాడు.

గుడిసె కప్పు ఒక మూల కారుతోంది. స్వామిదాసు ఒంటి మీది గొంగడి తీసి అక్కడి బస్తాల మీద పరిచాడు. తాను చూరు కింద, జానెడు వెడల్పు చోటులో గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది.

పొద్దున్నే ముకుందం బండి కట్టించుకొని వచ్చాడు. పంచె పైకి చెక్కి, బురదలో దిగి, గుడిసెలోకి తొంగి చూశాడు.

"ఎవలనడిగి నా సరుకు దించినవు?"

"ఎవలనడగలే సేటు."

ముకుందం ఒక్కో బస్తా తడిమి చూశాడు. కింది వరుసలో ఒకటి మూలన చెమ్మగిల్లింది, మిగిలినవి పొడిగా ఉన్నాయి. మీద పరిచిన గొంగడిని చూశాడు, తడిసి వణుకుతున్న మనిషినీ చూశాడు. అయినా కోపం పోలేదు. బస్తాలు బండికెత్తించుకొని నేరుగా చేవెళ్ల ఠాణాకు పోయి, అక్కడి పెద్ద అధికారి అమీన్ సాబ్‌కు అర్జీ ఇచ్చాడు.

నాలుగు రోజుల తర్వాత అమీన్ ఇద్దరినీ పిలిపించాడు. ముసలి మనిషి, కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకొని అర్జీ చదివాడు.

"కానూన్ల మనుషులను దించుమని ఉన్నది. నువ్వు సరుకు దించి, మనుషులను పంపినవు. ఇది ఏ కానూన్ల ఉన్నది?"

"ఏ కానూన్ల లేదు సాబ్."

"మరి?"

స్వామిదాసు బీరమ్మ సంగతి చెప్పాడు. అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ మొదలుపెట్టాక సగం చెప్పి ఊరుకోలేకపోయాడు. "వాన నాడు నాకా నడవది సాబ్. గుడిసెలకెళ్లి చెయ్యి ఊపుతం. ఆ దినం ఊపింది నేనే. అందుకే ఈసారి బయటికి వచ్చిన" అన్నాడు.

గదిలో ఉన్న తక్కిన జవాన్లు నేల చూపులు చూశారు. అమీన్ ముకుందం వైపు తిరిగాడు.

"సరుకు ఎంత పోయింది?"

"ఒక్క బస్తా మూలకు జర చెమ్మ సాబ్. ఎండల పోస్తే ఆరింది." ముకుందం కాస్త ఆగి, "అర్జీ కోపంల రాసిన" అన్నాడు.

అమీన్ అర్జీని మడిచి పక్కన పెట్టాడు గానీ స్వామిదాసును ఊరికే వదల్లేదు. కానూను మీరినందుకు వారం రోజులు ఠాణా ముందు పహరా వేశాడు. అదే కాగితం కింద ఇంకొక హుకుం రాసి అన్ని నాకాలకూ పంపాడు. వాన రోజుల్లో ఏ జవానూ గుడిసెలో నుంచి బండిని పంపకూడదు, పలకల కన్నా ఎత్తుగా సరుకున్న లారీని కదలనివ్వకూడదు. మనుషుల సంగతి అందులో రాయలేదు. ఎందుకు రాయలేదని స్వామిదాసు అడగలేదు.

తక్కిన జవాన్లకు అతని మీద మంట పుట్టింది. నీ మూలంగా మేమూ తడవాల్సి వచ్చిందని ఇద్దరు ముగ్గురు మొహం మీదే అన్నారు. కొన్నాళ్లు అతని దగ్గర బీడీ కూడా ముట్టలేదు. స్వామిదాసు ఎవరితోనూ వాదించలేదు. పహరా ముగియగానే మళ్లీ మొయినాబాద్ నాకాకు వచ్చి, రేకు కారే చోట తారు పూశాడు.

వానాకాలం చివర ముకుందం లారీ ఇంకో మూడు నాలుగుసార్లు తడుస్తూ వచ్చింది. సరుకు పలకల కన్నా కిందికే ఉండేది, ఎక్కినవాళ్లు పలకల నడుమ కూర్చునేవారు. బాల్‌రాజ్ హారన్ కొట్టకుండానే ఆపి, కిందికి దిగి నిలబడేవాడు. స్వామిదాసు మెల్లగా చుట్టూ తిరిగి, తాళ్లు లాగి చూసి, చక్రాల బురద కాలితో రాల్చి, అప్పుడు బొంగు ఎత్తేవాడు. పని ముగిసేసరికి ఇద్దరూ నిలువునా తడిసిపోయేవారు. లారీ వాలు దిగి కనుమరుగయ్యేదాకా స్వామిదాసు రోడ్డు మీదే నిలబడి, తర్వాత లోపలికి పోయి తల తుడుచుకునేవాడు.