ఇనప గదిలో పందొమ్మిది మంది

మస్కట్‌కు రెండు గంటల దూరంలోని ఇబ్రా ఊళ్ళో పది గంటలకే ఎండ మాడ్చేస్తోంది. పోచన్న ఇటుకలు పేరుస్తుంటే ఫోర్‌మన్ ఎహసాన్ పరుగెత్తుకొచ్చాడు.

"చెకింగ్! జల్దీ, అందర్ చలో!"

కంపెనీ కాగితాల్లో ఆ సైట్‌కు విదేశీ కూలీలు పన్నెండు మందే. పనిచేస్తున్నది ముప్పై ఒక్కరు. మిగతా పందొమ్మిది మందినీ సామాన్ల కంటెయినర్‌లోకి తోశారు. పోచన్న చేతిలోని తాపీ లాక్కుని, చెకింగ్‌కొచ్చే అధికారికి స్థానిక మేస్త్రీ అని చూపించడానికి ఉమర్ చేతిలో పెట్టారు. ఉమర్ ఆ ఊరివాడే. డ్రైవర్ పని పోయి ఏడాదైంది. ఉద్యోగమిస్తారనుకుని పొద్దున్నే వచ్చాడు.

"దీన్నెలా పట్టుకోవాలి?" అని హిందీలో అడిగాడు. పోచన్న చూపించి లోపలికి వెళ్ళాడు. బయట గొళ్ళెం పడింది.

లోపల గాలి లేదు. ఇనప గోడలు పెనంలా కాలుతున్నాయి. పక్కన కూలబడిన దేవయ్య పోచన్న ఊరివాడే, వచ్చి రెండు నెలలు.

"అన్నా, గీ దేశానికి మనం అక్కెర లేమా?"

"పనికి అక్కెరొస్తం తమ్మీ. లెక్కకే రాం."

పోచన్నకు పదకొండేళ్ళ సర్వీసు, నెలకు తొంభై ఐదు రియాళ్ళ జీతం. మస్కట్‌లోని అజైబాలో ఎన్ని అంతస్తులు లేపాడో అతనికే గుర్తులేదు.

ముప్పావు గంట గడిచింది. దేవయ్య పలకడం మానేశాడు. ఒంటిమీద చెమట ఆరిపోయి, ఒళ్ళు సలసల కాలుతోంది. పోచన్న తలుపు బాదాడు.

"చుప్! సాబ్ యహీ హై. దస్ మినిట్!" బయట నుంచి ఎహసాన్ గుసగుస.

"పది నిమిషాలైతే మనిషి సస్తడురా! తలుపు తియ్యి!" పోచన్నకు హిందీ గుర్తురాలేదు. తెలుగులోనే అరిచాడు. మిగతా వాళ్ళు పెయింటు డబ్బాలతో గోడలు మోగించారు.

గొళ్ళెం తీసింది ఉమర్. అతనూ పోచన్నా కలిసి దేవయ్యను నీడకు మోసి నీళ్ళు చల్లారు.

అధికారి వచ్చి, వీళ్ళెవరని అడిగాడు.

"పక్క సైట్ వాళ్ళు సాబ్, నీళ్ళకొచ్చారు," అని ఎహసాన్ నవ్వాడు. వంగి పోచన్న చెవిలో, "వెనక గేటు నుంచి నికల్ జావ్. లేదంటే రేపే ఇండియాకు నీ టికెట్," అన్నాడు.

"నేను పోను."

"పోచన్నా!"

"కొట్టుకో నీ టికెట్." దేవయ్య తలను ఒళ్ళో పెట్టుకునే, సిమెంటుకు పగిలిన చేత్తో గోడను చూపించాడు. "సాబ్, యే దీవార్ హమ్ బనాయా."

అధికారి ఉమర్ వైపు తిరిగి, ఈ గోడ నువ్వు కట్టావా అన్నట్టు దాన్ని చూపిస్తూ అరబ్బీలో అడిగాడు. ఉమర్ తాపీని ఎహసాన్ కాళ్ళ దగ్గర పడేసి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

అధికారి రిజిస్టరు తెరిచాడు. దేవయ్య ఇంకా కళ్ళు తెరవలేదు.