ప్రయాణం పుస్తకం పక్కన ఫ్లాస్కు

నేను ఒక ఫ్లాస్కుని. పైకి ఎరుపు, లోపల గాజు, మధ్యలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే నా గొప్ప. రెండు గాజు గోడల నడుమ గాలి కూడా మిగలకుండా తోడేశారు కాబట్టే నాలో పోసిన కాఫీ వేడి బయటికి పోదు. లోపల ఖాళీగా ఉన్న మనుషుల్ని కూడా చాలామందిని చూశాను గానీ, వాళ్ళలో ఏ వేడీ నిలిచినట్టు కనపడలేదు.

ఫ్యాక్టరీలో ఒక గాజు పనివాడు బుగ్గలు పూరించి ఊది నాకు ఊపిరి పోశాడు. ఆ తరవాత నా దగ్గరికి వచ్చినవాళ్ళందరూ కాఫీ పోసినవాళ్ళే. కాకినాడలో ఒక పెళ్ళికి రంగు కాగితం చుట్టుకుని చదివింపుగా వెళ్ళాను. నాలాంటివాళ్ళు అక్కడికి ఇంకా చాలామంది వచ్చారు. వాళ్ళందరూ అటకెక్కి, అక్కణ్ణుంచి వేరేవాళ్ళ పెళ్ళిళ్ళకి తరలిపోయారు. నన్ను మాత్రం పెళ్ళికూతురు ఇందుమతి దగ్గర పెట్టుకుంది. "ఇది మనతో ఊళ్ళు తిరిగే ఫ్లాస్కండి" అంది కొత్త మొగుడితో.

ఆ మొగుడు దక్షిణామూర్తి, పోర్టు ఆఫీసులో గుమాస్తా. నాకు రెండు మూతలుంటే ఆయన నోటికి ఒక్కటీ లేదు. ఆదివారం వస్తే ఉప్పాడ తీరం, సెలవులొస్తే కోరంగి మడ అడవులు, చలికాలం మారేడుమిల్లి. వాళ్ళు ఎక్కడుంటే నేనక్కడ. వేడుకలకి వేడిని మోసుకెళ్ళేది నేనే కనక, వేడుక అన్న మాటలో సగం నాదేనని నా వాదన.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఎక్కడికి బయల్దేరినా సంచిలో నా పక్కన ఒక డిటెక్టివ్ నవల ఎక్కాలి. దారి పొడుగునా మూర్తి పైకి చదవాలి, ఇందుమతి వినాలి. కూతురు లహరికి మాటలు తెలిశాక అదీ చెవి ఒగ్గి కూర్చునేది. ఇల్లు చేరారా, కథ ఎక్కడుంటే అక్కడ ఆగిపోవాల్సిందే. మళ్ళీ ప్రయాణం వచ్చేదాకా పుస్తకం తెరవకూడదు.

"ప్రయాణం పుస్తకం ప్రయాణంలోనే. ఇంట్లో చదివేస్తే ఇంక మీరు నన్నెక్కడికి తీసుకెళ్తారండీ?" అనేది ఇందుమతి. ఆవిడ పెట్టిన చట్టమది.

ఆఖరుసారి మారేడుమిల్లి నుంచి వస్తున్నప్పుడు బస్సులో జమీందారు హత్య కథ నడుస్తోంది. డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు" అన్నాడు. సరిగ్గా అప్పుడే కాకినాడ బస్టాండు వచ్చింది. ఇంక ఒక్క అధ్యాయం మిగిలింది.

"ఒక్క పేజీ నాన్నా!" అంది లహరి.

"చట్టం చట్టమే" అంది ఇందుమతి, చంకన నన్ను పెట్టుకుని బస్సు దిగుతూ.

తరవాతి ప్రయాణం ఆసుపత్రికి. నాలో కాఫీకి బదులు జావ పోశారు. అది కూడా ఇందుమతి రెండు చెంచాలకి మించి తాగేది కాదు. ఒక సాయంత్రం మూర్తి ఒక్కడే పక్కనున్నప్పుడు అడిగింది.

"ఏవండీ, ఆ ఆఖరి అధ్యాయం చదివెయ్యండి."

"నీకు తగ్గాక అరకు వెళ్దాం. రైల్లో చదువుతాను."

"ఇదీ ట్రిప్పేనండి. డ్రిప్పు కూడా పెట్టారుగా!"

మూర్తి నవ్వలేదు. "చట్టం పెట్టింది నువ్వే" అన్నాడు. పుస్తకం తెరిస్తే, ఇంక అరకు లేదని ఒప్పుకున్నట్టే అనుకున్నాడు. తెరవకపోతే ఆవిడ ఆగుతుందనుకున్నాడు. బల్లమీంచి నేను చూస్తూనే ఉన్నాను. "సరేలెండి" అని ఆవిడ గోడవైపు తిరిగింది. మళ్ళీ అడగలేదు. ఆ వారం దాటలేదు.

ఆ తరవాత మూర్తి నోటికి మూత పడింది. ఆఫీసుకి వెళ్ళొచ్చేవాడు, పెట్టింది తినేవాడు. ఇందుమతి పేరెత్తితే లేచి పెరట్లోకి పోయేవాడు. ఎక్కడికైనా వెళ్దామంటే "చూద్దాం" అనేవాడు. తల్లి పోయిన పిల్లకి తండ్రి మాట కూడా లేకుండా పోయింది. నన్ను కడిగి అలమరలో బోర్లించారు. ఏడాదిపాటు ఆ అలమరలో నిజంగానే ఖాళీగా ఉన్నాను.

ఈ వేసవిలో లహరి నన్ను దించింది. తనే కాఫీ కలిపి పోసింది. పాకమో కాఫీయో నాకే తెలియలేదు. సంచిలో నా పక్కన ఆ పుస్తకం పెట్టింది. "అరకు వెళ్దాం నాన్నా, లే" అంది. అడగలేదు, చెప్పింది.

విశాఖపట్నం వెళ్ళే ప్యాసింజరు ఎక్కాం. సామర్లకోటలో ఒక పెద్దావిడ ఒళ్ళో పనసకాయతో వచ్చి ఎదురుగా కూర్చుంది. లహరి పుస్తకం తీసి తండ్రికి అందించింది. ఆయన తీసుకోలేదు. పిల్లే చదవడం మొదలుపెట్టింది.

"పాఠం అప్పజెప్తున్నావేంటమ్మాయ్!" అంది పెద్దావిడ. "ఇంతకీ పోయిందెవరు?"

"జమీందారు గారండి."

"చంపిందెవరు?"

"అదే ఇంక చదవాలండి. నాన్న చదివితేనే బావుంటుంది. చదవట్లేదు."

"ఏంటండీ బాబూ, పిల్ల అంతలా అడుగుతుంటేను!"

మూర్తి కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "మా ఆవిడ కూడా అడిగిందండి. చదవలేదు."

పనసకాయ మీద ఆవిడ చెయ్యి ఆగింది. "పోయిందాండీ?"

ఆయన తలాడించాడు.

లహరికి ఈ సంగతి తెలియదు. "ఎప్పుడడిగింది నాన్నా?"

"ఆసుపత్రిలో. చదివేస్తే ఇంకెక్కడికీ రాదేమోనని భయమేసిందే. చట్టం నువ్వే పెట్టావన్నాను. మంచంలో ఉన్న మనిషితో."

రైలు పిఠాపురంలో ఆగి కదిలింది. లహరి పుస్తకాన్ని తండ్రి ఒళ్ళో పెట్టింది.

"ఇప్పుడు చదువు."

"ఇప్పుడు చదివితే మీ అమ్మకి వినపడుద్దా?"

"వినపడదు నాన్నా. నాకు వినపడుద్ది."

మూర్తి పుస్తకం తెరిచాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. మొదటి పేరా ఆయనా పాఠం అప్పజెప్పినట్టే చదివాడు. రెండో పేరాకి డిటెక్టివ్ గొంతు వచ్చింది. కాసేపటికి తోటమాలి, వంటవాడు, జమీందారు తమ్ముడు వరసగా దిగారు. అన్నవరంలో దిగాల్సిన పెద్దావిడ దిగలేదు. "ఆడెవడో దొరికేదాకా నేను కదల్నండి" అంది. తునిలో దిగుతూ, "నేను మొదట్నించీ వాణ్ణే అనుకున్నాను" అని అబద్ధమాడింది. ఎవరో నేను చెప్పను, మీరు చదువుకోండి.

మూర్తి పుస్తకం మూశాడు. లహరి నా పైమూతలో కాఫీ పోసి ఇచ్చింది. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఇంత పంచదారేంటే?"

"అమ్మ ఇలాగే కలిపేదిగా."

"మీ అమ్మా? మీ అమ్మ కాఫీ చేదు విషమే! పెళ్ళైన కొత్తల్లో కోరంగి పడవలో ఏం చేసిందో తెలుసా, పడవ వాడికి ఒక్క గ్లాసిచ్చింది, వాడు తెడ్డు వదిలేసి..."

ఆయన చేతిలో కాఫీ తొరక కట్టింది. లహరి ఆ మూత తీసుకుని కిటికీలోంచి పారబోసి, నన్ను వంచి మళ్ళీ నింపింది. ఆయన చూసుకోలేదు. చెబుతూనే ఉన్నాడు.