ఏడో మోత

మగ మూస్‌ని, అంటే గుర్రం కన్నా పెద్ద దుప్పిని, తుపాకీతో కాల్చి కోస్తే వీపు మీద పదకొండు మోతలు. ఇది నా లెక్క, మా నాన్న లెక్క కూడా ఇదే. వెనక తొడలు రెండూ నాలుగు మోతలు, ముందు జబ్బలు రెండు, పక్కటెముకలు రెండు, మెడా నడుమూ కలిపి ఒకటి. పదోది తల. కొమ్ములు పదకొండోది. తొడలు ముందు రావాలి, ఎందుకంటే ముందు పాడయ్యేవి అవే. కొమ్ములు చివర రావాలి, ఎందుకంటే అవి వందేళ్ళు పడి ఉన్నా పాడు కావు. ప్రభుత్వం కూడా ఇదే చట్టం చేసింది. మాంసం అంతా బయటికి రాకుండా కొమ్ములు కదిలించకూడదు. యూకాన్ నది ఒడ్డున ముప్పై ఏళ్ళుగా దుకాణం నడుపుతున్నాను, ప్రభుత్వమూ మేమూ ఒక్క మాట మీద ఉన్న విషయం ఇదొక్కటే చూశాను.

అందుకే గురువారం పొద్దున డెల్బర్ట్ పడవ మలుపు తిరిగి వస్తుంటే, దాని ముక్కు మీద మొదట కనిపించినవి కొమ్ములు కావడంతో నా ఒళ్ళు మండిపోయింది.

డెల్బర్ట్ నా బామ్మర్ది. నా భార్య ఎల్సీకి ఒక్కగానొక్క తమ్ముడు. ఎల్సీ పోయి ఏడాది అయింది. శనివారం ఆమె పేరున ఊరందరికీ విందు పెట్టాలి. విందుకు మూస్ కావాలి. మాంసం ఎవరైనా ఇస్తారు, కానీ తల పులుసు లేని విందు మా ఊళ్ళో విందు కాదు. పైగా ఆఖరి నెలలో ఎల్సీ నోటికి ఏదీ సహించనప్పుడు దిగింది ఆ తలలోని ముక్కు పులుసొక్కటే. నేను మోకాలు నొప్పితో వేటకు పోలేను. డెల్బర్ట్ ఊరికే పోకుండా, కొమ్ముల కోసం దక్షిణాన ఎక్కడో పట్నం నుంచి వచ్చిన ట్రెంట్ అనే ఆయన్ని వెంట తీసుకుపోయాడు. ఒప్పందం చక్కగా ఉంది. కొమ్ములు ఆయనకి, మిగతాది మనకి.

పడవ గట్టుకు తగిలింది. తొంగి చూశాను. కొమ్ములు, ట్రెంట్, ట్రెంట్ సంచులు. ఇంకేమీ లేదు.

"మాంసం ఏదిరా?" అన్నాను.

"అక్కడే ఉంది బావా. మళ్ళీ పోయి తెస్తాను. ఈయన విమానం రేపు మధ్యాహ్నం కదా, అందుకని..."

"ఎప్పుడు కాల్చారు?"

"నిన్న సాయంత్రం."

ఆ ఏడాది సెప్టెంబరు సగం దాటినా దోమలు చావలేదు. రాత్రి నీళ్ళ మీద మంచు పొర కూడా కట్టలేదు. నిన్న సాయంత్రం నుంచి ఈ పొద్దు దాకా ఎన్ని గంటలో వేళ్ళ మీద లెక్కపెట్టాను.

"శనివారం మీ అక్క విందుకు ఏం వండుదాం? కొమ్ములా?"

వాడి మెడలో కొత్త దుర్భిణి వేలాడుతోంది. ఎవరిచ్చారో అడగక్కర్లేదు.

ట్రెంట్ నవ్వుతూ చెయ్యి చాపాడు. "కంగారు పడకండి. మాంసం మొత్తం మీదే. నాకు ఒక్క ముక్క కూడా వద్దు."

"మొత్తం మాదే అని తెలుసు. మోసేది మాత్రం మీరు కూడా. మాంసం చివరి ముక్క ఈ గట్టు ఎక్కేదాకా ఈ కొమ్ములు ఈ గట్టు దాటవు."

"నా విమానం..."

"పైలట్‌తో ఇప్పుడే రేడియోలో మాట్లాడతాను. మాంసం వదిలేసి వచ్చిన కొమ్ముల్ని ఎక్కించుకుంటాడేమో మీరే అడుగుదురు గాని."

పైలట్ ఒక్క మాట అన్నాడు. అది ఇక్కడ రాయదగ్గది కాదు. ట్రెంట్ తిరిగి పడవ ఎక్కాడు.

పాయ లోపలికి గంట ప్రయాణం. అక్కడి నుంచి కోసిన చోటికి ముప్పావు మైలు. అంతా గడ్డి దుబ్బులే. ఒక్కొక్క దుబ్బు అడుగు వేయగానే పక్కకి ఒరుగుతుంది, రెండిటి మధ్యన వేస్తే మోకాటి దాకా నీళ్ళు. వట్టి చేతులతో నడిస్తేనే తిట్లు నోటికొస్తాయి.

మాంసం చూసి ఆగిపోయాను. తొడలూ జబ్బలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన తోలు కప్పి ఉన్నాయి. వెచ్చటి మాంసం మీద వెచ్చటి మాంసం, దాని మీద దుప్పటి.

"ఇది మాంసం దాచడమా, పొదగడమా?"

"ఈగలు వాలకుండా కప్పాను బావా. చీకటి పడుతోంది, ఈయన తొందరపెట్టాడు..."

"ఈయన పేరు ఇంకొక్కసారి ఎత్తావంటే ఆ దుర్భిణి నీ చేతే మింగిస్తాను. ఈయనకి తెలియదు. నీకు నడక రాకముందే మీ నాన్న నిన్ను మాంసం పక్కన కూర్చోబెట్టాడు. నీకు తెలుసు."

అడుగున ఉన్న తొడ లాగి, తుంటి ఎముక పక్కన కత్తి దించి, తీసి వాసన చూశాను. పులిసింది. కత్తి డెల్బర్ట్ ముక్కు దగ్గర పెట్టాను. వాడు మొహం తిప్పుకోలేదు. కళ్ళు మూసుకుని పూర్తిగా పీల్చాడు.

"అక్క చంపేసేది నన్ను," అన్నాడు.

"చంపేది కాదు. మాట్లాడటం మానేసేది. అది నీకింకా కష్టం."

ఎముక చుట్టూ పాడైనంత మేర కోసి కాకులకు పారేశాను. ఆ తొడలో సగం దక్కింది. రెండోది బాగానే ఉంది. తల కోసం చూశాను.

"తల ఏది?"

"కొమ్ములు కోసిన చోట, ఆ పొదల దగ్గర."

పొదల దగ్గర నెత్తురు ఉంది, రంపపు పొట్టు ఉంది. తల లేదు. నాచు మీద ఏదో ఈడ్చుకుపోయిన జాడ, పక్కన ఎలుగు పాదాల గుర్తులు. జాడ దట్టమైన విల్లో పొదల్లోకి పోయింది. ఉన్న వెలుతురు మోతలకే చాలదు. ఆ పొదల్లోకి ఎలుగు వెనక పోవడం తెలివైన పని కాదు.

నేను అరవలేదు. అరుపుకు మించిపోయింది. "తోలు మాత్రం జాగ్రత్తగా కప్పావు," అన్నాను, అంతే.

మోయడం మొదలుపెట్టాం. తొమ్మిది మోతలు. ట్రెంట్ పక్కటెముకల సగం ఒకటి తెచ్చి, పడవ దగ్గర వెల్లకిలా పడి, మోకాలు పోయిందన్నాడు. నా మోకాలు పదేళ్ళ క్రితం పోయిందని చెప్పి నేను మూడు మోశాను. మిగతా ఐదూ డెల్బర్ట్. ఒక్కసారి కూడా కూర్చోలేదు. నాలుగో మోతకి వీపు సంచి నడుము పట్టీ తెగితే తాడు చేతులకి చుట్టుకుని తెచ్చాడు. నాకు జాలి కలగలేదు. ఒక పని చెడగొట్టినవాడు దాన్ని సరిచేయడానికి చెమటోడ్చితే అది గొప్పేమీ కాదు, బాకీ అంతే.

ఊరు చేరేసరికి పొద్దు గుంకుతోంది. మాంసం అంతా పొగ గుడిసెలో విడివిడిగా వేలాడదీశాం. ఎవరిళ్ళకి వాళ్ళం పోయాం.

శుక్రవారం మధ్యాహ్నం ట్రెంట్ కొమ్ములతో ఎగిరిపోయాడు. వీడ్కోలు చెప్పడానికి డెల్బర్ట్ రాలేదు. వాడి తలుపు మూసి ఉంది, గట్టున పడవ కూడా లేదు. విందు పెట్టుకుని వందమందికి మాంసం కోయాల్సిన రోజున మొహం చెల్లక పారిపోయాడనుకున్నాను. నేనూ పక్కింటివాళ్ళూ కోశాం. కోస్తున్నంతసేపూ వాణ్ణి తిట్టాను, వినాల్సినవాడు అక్కడ లేకపోయినా.

పులుసు కాచేది పెద్దమ్మ వినీ. ఆమెకి ఎనభై నాలుగు. సాయంత్రం ఆమెకి కబురు పెట్టాను, తల లేదు, క్షమించమని. ఆమె తిరుగు కబురు పంపింది: "తల సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నీ పని చూసుకో." ఎవరి ఫ్రీజర్లోనో పాతది దొరికిందనుకున్నాను. అరువు తలతో ఎల్సీ విందు. ఆ రాత్రి ఆ అవమానానికి నిద్ర పట్టలేదు.

శనివారం హాలు నిండిపోయింది. పులుసు గిన్నెలు ముందు పెద్దవాళ్ళకి వెళ్ళాయి. అందరూ తిన్నాక కుటుంబంలో పెద్దవాడు లేచి, ఎవరేం తెచ్చారో, ఎవరెంత పని చేశారో పేరుపేరునా చెప్పి కానుకలివ్వాలి. ఆ మాట ఊరికి ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. అందుకే అందులో తక్కువ చెప్పకూడదు, ఎక్కువా చెప్పకూడదు.

డెల్బర్ట్ తలుపు పక్కన నిలబడ్డాడు, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని. వాడికివ్వాల్సిన కానుక నా ముందే ఉంది. ఎల్సీ చివరిగా కుట్టిన మూస్ తోలు చేతి తొడుగులు, పూసలు పొదిగినవి. వాడి కోసమే కుట్టింది. ఇవ్వకూడదని రెండు రోజులు అనుకున్నాను. కానీ ఆమె వస్తువు ఆపడానికి నేనెవర్ని?

"డెల్బర్ట్ ఆరు మోతలు మోశాడు," అన్నాను. "మొదటిది కొమ్ములు. తర్వాత ఐదు మాంసం."

మొదటిది కొమ్ములంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నేను ఒక్క మాటా వెనక్కి తీసుకోలేదు.

"ఏడు," అంది పెద్దమ్మ వినీ, గిన్నెలోంచి తలెత్తకుండా. "నువ్వు తాగిన పులుసు ఎక్కడిదనుకున్నావురా ఆర్విల్? నిన్న నా గుమ్మంలో దించాడు. ఎలుగు నాచు కింద పాతిపెట్టిందట. పొద్దంతా పొదల్లో తిరిగి, తుపాకీ పేల్చి దాన్ని తరిమి తెచ్చాడు. ఒక చెంప కొరికి ఉంది, కోసి పారేశాను. ముక్కు మాత్రం చెక్కు చెదరలేదు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నాడు. నువ్వు తిట్టే తిట్లు గట్టు దాకా వినపడ్డాయిలే."

ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు. కోపం ఎక్కడికీ పోలేదు. సగం తొడ కాకుల పాలైన సంగతి పులుసు వల్ల మారదు. కానీ లెక్క తప్పు చెప్పాను, అదీ ఎల్సీ విందులో, ఊరందరి ముందు.

"ఏడు," అన్నాను గట్టిగా. "ఏడోది తల. ఒక్కడే పోయి తెచ్చాడు."

తొడుగులు చాపాను. వాడు వచ్చి జేబుల్లోంచి చేతులు తీశాడు. అరచేతుల మీద తాడు కోసిన గీతలు నల్లబడి ఉన్నాయి, వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. కుడి తొడుగులో చెయ్యి దూర్చబోయాడు. బొటనవేలు దగ్గర ఆగిపోయింది.

"చిన్నవైనాయి బావా," అన్నాడు.

"మీ అక్క కొలత తప్పదు. రెండు రోజులాగు, వాపు తగ్గాక పడతాయి," అన్నాను. తర్వాతి పేరు పిలిచాను.