కారణం గడిలో రాసిన మాట

మా మందుల కంపెనీలో పొద్దుటి పూట నింపిన సిరప్ సీసాలు కారుతున్నాయి. పొద్దుటి డ్యూటీలో మూతలు బిగించేది మా బావ, అక్క మొగుడు. సరుకు నాణ్యత చూసేది నేను. ఫిర్యాదు రాగానే ఆ కాగితంలో ‘కారణం’ అన్న గడిలో ‘ఆపరేటరు అశ్రద్ధ’ అని నేనే రాసేశాను. సొంతవాడని వెనకేసుకొచ్చిందని ఎవరూ అనకూడదు కదా. అంత నిఖార్సైనదాన్ని మరి!

ఈరోజు ఎనిమిదిన్నరకి మేనేజరు బల్ల మీద బావని ఉద్యోగంలోంచి తీసేసే ఉత్తరం కనిపించింది. పదకొండింటికి సంతకమట. వెంటనే ఆయన్నే పట్టుకున్నాను.

"అందాకా ఆగండి సార్. నేను రాసింది ఊహే. రుజువు చూడలేదు."

"రాసేటప్పుడు తెలీలేదా అమ్మా? సరే, పదకొండు దాటితే నన్నడగొద్దు."

బావని మిషను దగ్గర్నుంచి లేపి, మధ్యాహ్నం డ్యూటీ చేసే కుర్రాణ్ణి ఇంటి నుంచి పిలిపించి కూర్చోబెట్టాను. అదే మిషను, అవే మూతలు. వాడు బిగించిన వంద సీసాలు కాగితం మీద తలకిందులుగా పెట్టి పది నిమిషాలు చూశాం. తొమ్మిది కారాయి. మధ్యాహ్నాలు వాడి చేతిలో ఒక్కటీ కారదు. వాడి మొహం మాడిపోయింది, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. తప్పు మనిషిది కాదు.

మరి పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా ఏమిటి? ఒక మూత తీసి నొక్కి చూశాను. చల్లగా, రాయిలా ఉంది. మూతల బస్తాలు వెనక వరండాలో ఉంటున్నాయి. రాత్రి చలికి గట్టిపడిన మూత సరిగ్గా కూర్చోదు. మధ్యాహ్నానికి ఎండ తగిలి మెత్తబడుతుంది.

కిందటి నెల దారికి అడ్డమని గోలగోల చేసి ఆ బస్తాలని మిషను గదిలోంచి వరండాలోకి మార్పించింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

కొన్ని మూతలు వెచ్చటి బాయిలరు గదిలో గంటసేపు ఉంచి తెప్పించాను. వాటితో బిగించిన వందలో ఒక్కటీ కారలేదు.

"దొరికిందిగా, ఇంక చాలు" అన్నాడు మేనేజరు.

"చాలదు సార్. మళ్ళీ చల్లవి బిగించి చూడాలి. అప్పుడు కారకపోతే ఇదీ నా ఊహే."

పదకొండుకి పావుగంట ఉంది. చల్లటి మూతలు బిగించి సీసాలు తిరగేశాం. ఐదు నిమిషాలు గడిచినా కాగితం పొడిగానే ఉంది. ఏడో నిమిషంలో ఒక చుక్క పడింది. తర్వాత ఇంకోటి. మొత్తం ఎనిమిది సీసాలు కారాయి. సీసా కారితే సంతోషించడం నా జన్మలో అదే మొదలు.

పాత మాట కొట్టేసి, ‘మూతలు చలిలో పెట్టించడం, నా ఆదేశం’ అని రాసి సంతకం చేశాను. మేనేజరు అది చదివి, ఉత్తరం చింపేశాడు.

బావ మళ్ళీ మిషను ముందు కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

"నేనే చేశానని నమ్మావా?"

"లేదు బావా."

"నమ్మకుండానే రాశావా?"

కొట్టేసి రాసిన కాగితం బావ ముందు పెట్టాను.

"ఉద్యోగం పోయేలా ఉందని నిన్న మీ అక్కకి చెప్పాను. రాసింది నువ్వని చెప్పలేదు. నువ్వూ చెప్పకు, అది తట్టుకోలేదు" అని బావ మిషను ఆన్ చేశాడు.