బతికున్నవాడి పేరు

మా ఊళ్ళో మనిషి పోయిన రోజూ, మళ్ళీ దినాల రోజూ భజన బృందం వచ్చి తత్వం పాడుతుంది. చివరి చరణంలో పోయినవారి పేరు కలుపుతారు. బతికున్నవారి పేరు కలపడమంటే వాళ్ళ చావు కోరడమే. ఏళ్ళ తరబడి ఆ చరణం పాడింది మా అన్న రంగస్వామి.

అన్న పోయిన మూడోనాడు కర్నూలు యూట్యూబ్ ఛానెల్ ఒకటి వీడియో పెట్టింది. అందులో అన్న గొంతు. చివరి చరణంలో ఆ ఛానెల్‌కు గిట్టని పార్టీ నాయకుడి పేరు, వెనక ఈలలు. భజన బృందాన్ని నడిపే పెద్ద ఈరన్న మా గడప తొక్కలేదు. వీధిలోనే నిలబడి చెప్పాడు.

“మీ యన్న బతికినోని పేరు పాడినాడప్పా. దినాలకు మేం రాలేం.”

అన్న దినాలకు తత్వం లేకపోవడమా? కర్నూలు పక్కనే కల్లూరులో ఉన్న ఆ ఛానెల్ ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళాను. దాన్ని నడిపే శివశంకర్ మర్యాదగా కూర్చోబెట్టాడు. పాడింది అన్న కాదని, పాత రికార్డింగులు ఇస్తే కంప్యూటర్ పాడిందని దాచకుండానే చెప్పాడు. ఆ మాట మా ఊరొచ్చి చెప్పమన్నాను.

“అట్ల చెప్తే మా ఛానెల్‌ను ఎవురు నమ్ముతారు సార్? ఎలక్షన్ల ముందర ఇవన్నీ మామూలే.”

కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

“ఆ పేరు పలికే ముందు మా అన్న ఏడుపులు తగ్గేదాకా ఆగేవాడు. ఇంటివాళ్ళు తట్టుకోలేరని గొంతు దించేవాడు. మీరు దానికి ఈలలు కలిపారు.”

అతను నిజంగానే సాయం చేద్దామనుకున్నాడు కాబోలు.

“మీకు తత్వమే కదా సార్ కావాల్సింది? మీ యన్న గొంతుతోనే, మీ యన్న పేరు పెట్టి చేసిస్తా. దుడ్లు ఏం వద్దు.”

లేచి వచ్చేశాను. నోరు తెరిస్తే ఎక్కడ ఆగుతానో నాకే తెలియదు.

నా నంబరు ఎక్కడ పట్టాడో, బస్సు ఆత్మకూరు చేరేసరికి శివశంకర్ చేసిన ఆ తత్వం వాట్సాప్‌లో రానేవచ్చింది. మా ఊళ్ళో దిగి నేరుగా పెద్ద ఈరన్న ఇంటికి పోయి, అరుగు మీద ఫోన్ పెట్టి వినిపించాను. అన్న పాడుతున్నాడు. చివరి చరణంలో తన పేరే పలికాడు.

ఈరన్న తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“సచ్చినోడు తన సావు తానే పాడుకుంటాడా? గొంతు గూడా వదల్లేదే, నా కొడుకులు.” తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. “మేం వస్తాంలే. ముందు దాన్ని తీసెయ్ అప్పా.”

ఫోన్‌లోంచి తీసేశాను. అచ్చం అన్న గొంతే అది.