తాడు వదలకూడదు

“ఏడు నిమిషాలమ్మాయ్,” అన్నాడు శేషగిరి. “నాలుగు గొర్రెలూ దొడ్లోకి వెళ్లాలి, గేటు మూయాలి. మార్కులు ఎన్నొచ్చినా నాకనవసరం. గేటు మూస్తే తార నీది.”

“మూయలేకపోతే?”

“సోమవారం దాన్ని కొనడానికి మోంటానా నుంచి గొర్రెల రాంచర్ వస్తున్నాడు. చెప్పాగా.”

కృష్ణవేణి విజిల్ పళ్ల మధ్య పెట్టుకుని, కర్ర పట్టుకుని మైదానంలోకి నడిచింది. అతని గొర్రెల కుక్క తార ఆమె మోకాలికి ఆనుకుని నడిచింది.

శేషగిరి రిటైరైన పశువుల డాక్టరు. ఎలెన్స్‌బర్గ్ దగ్గర అతనికి గొర్రెల ఫారం ఉంది. కృష్ణవేణి రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. రెండేళ్లుగా ప్రతి శనివారం కొండలు దాటి రెండు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వచ్చి అతని దగ్గర కుక్కతో గొర్రెల్ని తోలే విద్య నేర్చుకుంటోంది. మోకాళ్లు అరిగిపోయి అతను మంద అమ్మేస్తున్నాడు. ఆమె తారను తనకిమ్మని అడిగింది. డువాల్‌లో రెండెకరాలు లీజుకి తీసుకున్నానని, ఆరు గొర్రెలు కొన్నానని కూడా చెప్పింది. అతను ఒప్పుకోలేదు.

“స్థలం సరే. తారతో పని చేయించడం నీకొచ్చా? పని లేకపోతే ఈ జాతి కుక్కకి పిచ్చెక్కుతుంది. చేసి చూపించు,” అన్నాడు.

చూపించాల్సిన రోజు ఇదే, ఈ గొర్రెల కుక్కల పోటీలో.

జడ్జి తలూపాడు. ఆమె చెయ్యి విసిరింది. తార ఎండుగడ్డి మీదుగా కుడివైపు దూసుకుపోయింది. మూడు వందల గజాల అవతల నాలుగు గొర్రెలు తలలెత్తాయి. కుక్క పెద్ద చుట్టు తిరిగి వాటి వెనక ఆగింది. గొర్రెలు కదిలాయి. దారిలో నిలిపిన మొదటి జత గేట్ల మధ్యనుంచి తిన్నగా వచ్చాయి. రెండో జత గేట్లకి పక్కగా వచ్చేశాయి. మార్కులు పోయాయి. పోనీ, అనుకుంది కృష్ణవేణి.

కంచె బయట ఆమె కూతురు ఇషిత ఫోన్‌లో టైం చూస్తోంది. ఆ పిల్లకి పదిహేనేళ్లు.

“డాక్టర్ అంకుల్, అమ్మ బాగా చేస్తుంది కదా?”

“ఇంతదాకా చేసిందంతా కుక్క. మీ అమ్మ చేయాల్సింది ఇప్పుడొస్తుంది.”

మైదానం మధ్యలో ఉంది దొడ్డి. తొమ్మిదడుగుల చెక్కగేటు, దానికి ఆరడుగుల తాడు. ఆ తాడు చేత్తో పట్టుకున్నాక, గొర్రెలు లోపలికి వెళ్లేదాకా వదలకూడదు. గొర్రెల్ని ముట్టుకోకూడదు. కుక్క కరిస్తే పోటీ అక్కడితో సరి. పోయిన నెల ఇంకోచోట తార ఒక గొర్రె ముక్కు పట్టుకుంది. ఆ సంగతి కృష్ణవేణి మరిచిపోలేదు.

ఆమె తాడు పట్టుకుంది. గొర్రెలు పది అడుగుల దూరంలో ఆగాయి. ఇంకా రెండు నిమిషాల నలభై సెకన్లు. చాలినంత టైం.

“దామ్మా, దా, దా,” అంటూ ముందుకు వంగి చెయ్యి చాపింది.

నాలుగూ బెదిరి గుప్పున విడిపోయాయి. రెండు ఎడమకి, రెండు వెనక్కి.

“ఓ మై గాడ్! ఏమైంది?” అంది ఇషిత.

శేషగిరి టోపీ తీసి తొడ మీద కొట్టుకున్నాడు. “దాణా బకెట్టు అలవాటు! మా గొర్రెలు మీ అమ్మని చూస్తే బకెట్టు అనుకుంటాయి. రెండేళ్లు తినిపించింది మరి. ఇవి కొండ మీద పెరిగినవి. కాలినడకన వచ్చే మనిషిని చూసి ఎరగవు.”

కృష్ణవేణికీ అదే క్షణంలో తెలిసింది. నవ్వుతూ పిలిచే ఆడమనిషి వాటికి తోడేలు కంటే కొత్త.

విజిల్ ఊదింది. తార నేలకు కరుచుకుని పరుగెత్తింది, విడిపోయిన రెంటినీ చుట్టి మిగతా రెంటితో కలిపింది. మళ్లీ దొడ్డి ముందుకి తెచ్చింది. ఒక నిమిషం పది సెకన్లు.

గొర్రెలు కుక్కను చూడటం లేదు. ఆమెనే చూస్తున్నాయి.

ఆమె వెనక్కి జరిగింది. ఒక అడుగు, ఇంకో అడుగు. తాడు బిగుసుకుంది. దాని చివరి ముడి పట్టుకుని నిలబడింది. కర్ర కిందికి దించింది. మొహం పక్కకి తిప్పుకుంది. ఇప్పుడు గొర్రెలు ఆమె కంటి కొసల్లో మాత్రమే కనిపిస్తున్నాయి.

ముందున్న ముసలి గొర్రె గేటు వైపు తిరిగింది. ఆగింది. గిర్రున వెనక్కి తిరిగి తార ఎదుట కాలు నేలకేసి కొట్టింది.

ముప్పై సెకన్లు.

పడుకోమని ఊదితే కుక్క పడుకుంటుంది. గొర్రె గెలిచి పారిపోతుంది. ఊదకపోతే తార కరవచ్చు. కృష్ణవేణి నాలుక విజిల్‌ని తాకింది. ఉద్యోగంలో అయితే ఏది తేడా వచ్చినా మళ్లీ మళ్లీ బటన్ నొక్కే మనిషి తను. నాలుకతో విజిల్‌ని బయటికి తోసేసింది. అది మెడలోని తాడుకి వేలాడింది.

తార ఒక కాలు ముందుకేసింది. పళ్లు కనిపించలేదు. ఇంకో కాలు వేసింది. ముక్కుకీ ముక్కుకీ మధ్య జానెడు దూరం.

గొర్రె కళ్లు దించింది. తిరిగింది. లోపలికి నడిచింది. మిగతా మూడూ దాని వెనకే తోసుకుంటూ దూరాయి.

కృష్ణవేణి గేటుని భుజంతో నెట్టి గడియ వేసింది.

“ఫోర్ సెకండ్స్!” ఇషిత అరుపు మైదానమంతా వినిపించింది. “ఇంకా ఫోర్ సెకండ్స్ ఉంది!”

ఆమె కంచె దగ్గరికి వచ్చేసరికి శేషగిరి రాంచర్‌తో ఫోన్‌లో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. కుక్క లేదని, సోమవారం రావద్దని చెప్పి పెట్టేశాడు.

“ఇరవై ఆరు మందిలో ఇరవై ఒకటో ప్లేసు,” అన్నాడు బోర్డు వైపు చూస్తూ. “దామ్మా, దా అట! గొర్రెలా, చుట్టాలా?”

“మీ ఫారంలో అలాగే వచ్చేవి డాక్టర్ గారూ.”

“రేపు ఎనిమిదింటికి రెండో రన్. గేట్లు ఒక్కటీ తప్పకూడదు. తారని పొద్దున్నే నేను కాసేపు పరిగెత్తిస్తాను.”

కృష్ణవేణి వంగి తార మెడకి పట్టీ తగిలించింది. “వద్దండీ. నా కుక్కని నేనే పరిగెత్తిస్తాను,” అని కారు వైపు నడిచింది.